నీలిరంగు లెక్క: ఖతార్ కడలిలో పోషకాల కొలత

ఖతార్‌కు నది లేదు. ఏడాది పొడవునా పారే ఏరు కూడా లేదు. దక్షిణాన సౌదీ అరేబియాతో కలిసే ఇసుక నేలను మినహాయిస్తే చుట్టూ సముద్రమే. దోహాలో కుళాయి తిప్పితే వచ్చే నీరు దాదాపు అంతా రాస్ లఫాన్, రాస్ అబూ ఫొంతాస్, ఉమ్ అల్ హౌల్ వంటి చోట్ల సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసి పంపేదే. ఇక్కడి నుంచి బతుకుతెరువుకు వెళ్ళిన తెలుగు కార్మికులు తాగేదీ, వండుకునేదీ ఆ నీటితోనే. ఆ సముద్రంలో ఏమేమి కరిగి ఉన్నాయో తెలుసుకోవడం అందువల్ల రసాయన శాస్త్రజ్ఞుల కుతూహలంతో తీరిపోయే విషయం కాదు.

ఉప్పు సంగతి అందరికీ తెలుసు. ఉప్పుతోబాటు అతి స్వల్ప మోతాదులో మరికొన్ని పదార్థాలు సముద్రంలో కరిగి ఉంటాయి: నైట్రేట్, నైట్రైట్, అమోనియా, ఫాస్ఫేట్, సిలికేట్. వీటిని పోషక లవణాలు అంటారు. పొలానికి యూరియా, సూపర్ ఫాస్ఫేట్ ఎలాగో సముద్రంలో తేలియాడే సూక్ష్మమైన వృక్షప్లవకాలకు ఇవి అలాగ. ఇవి తక్కువైతే ప్లవకాలు లేవు. ప్లవకాలు లేకపోతే చేపలు లేవు. మరీ ఎక్కువైతే మరో ప్రమాదం. 2008-09లో హానికరమైన ప్లవకాలు ఒమన్, ఎమిరేట్స్, ఇరాన్ తీరాల వెంబడి నెలల తరబడి ఎర్రగా విస్తరించాయి. చేపలు చచ్చిపోయాయి. ఎమిరేట్స్‌లో నిర్లవణీకరణ కేంద్రాల వడపోతలు పూడుకుపోయి కొన్నింటిని కొంతకాలం మూసివేయవలసి వచ్చింది. తాగునీటికి సముద్రం తప్ప మరో దిక్కు లేని దేశానికి ఇది ఎంత పెద్ద హెచ్చరికో వేరే చెప్పనక్కరలేదు.

ఇంతకు పదిహేడేళ్ళ ముందే ఈ సముద్రం గురించి అంతకన్నా మౌలికమైన ప్రశ్న ఒకటి తలెత్తింది. 1991 యుద్ధంలో కువైట్ తీరాన లక్షల పీపాల ముడిచమురు సముద్రంలోకి పారింది. ఎక్కువ భాగం సౌదీ తీరానికి కొట్టుకుపోయింది. మరుసటి ఏడు అమెరికా ప్రభుత్వానికి చెందిన మౌంట్ మిచెల్ అనే నౌక దాదాపు వంద రోజులపాటు ఈ సముద్రమంతా తిరిగి నీటిని, అడుగు మట్టిని, జీవరాశిని పరీక్షించింది. 1993-94లో టోక్యో మత్స్య విశ్వవిద్యాలయం వారి ఉమితాకా మారు అదే పని కొనసాగించింది. ఈ యాత్రలకు పూనుకున్న ప్రాంతీయ సంస్థ రోప్మే. కువైట్ ఒప్పందం ఫలితంగా 1979లో ఏర్పడిన ఈ సంస్థలో ఇరాన్, ఇరాక్, ఖతార్ సహా ఎనిమిది దేశాలు సభ్యులు. ఈ సముద్రాన్ని ఇరాన్ పర్షియన్ గల్ఫ్ అంటుంది, అరబ్బులు అరేబియన్ గల్ఫ్ అంటారు. ఎవరి మనసూ నొప్పించకుండా ఈ సంస్థ తన పేరుతోనే 'రోప్మే సముద్ర ప్రాంతం' అని రాసుకుంటుంది. సముద్రం పేరు మీదనే ఏకాభిప్రాయం లేని చోట సముద్రపు లెక్కల మీద ఏకాభిప్రాయం సాధించడం ఎంత కష్టమో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఆ నౌకల మీద పనిచేసిన వారిని వేధించిన ప్రశ్న ఇది: ఇప్పుడు కొలిచిన సంఖ్యలను దేనితో పోల్చాలి? యుద్ధానికి ముందు ఈ నీరు ఎలా ఉండేది?

ముందటి లెక్కలు అసలే లేవని కాదు. 1959-65 నాటి అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో భాగంగా జర్మన్ నౌక మెటియోర్ 1965 వసంతంలో ఈ సముద్రంలోకి వచ్చింది. అప్పటికి ఖతార్ ఇంకా బ్రిటిష్ రక్షణలోని చిన్న షేక్ రాజ్యం, స్వాతంత్ర్యం 1971లో. కీల్ నగరానికి చెందిన రసాయనవేత్త క్లాస్ గ్రాస్‌హోఫ్ ఆ యాత్రతో మొదలుపెట్టి ఈ సముద్రాల నీటి రసాయనం మీద రాశాడు. ఆయన సంపాదకత్వంలో వచ్చిన సముద్రజల విశ్లేషణ గ్రంథం ఈనాటికీ నౌకల ప్రయోగశాలల్లో బల్ల మీద ఉండే పుస్తకం. 1977 ఫిబ్రవరిలో అమెరికాలోని వుడ్స్ హోల్ సంస్థ నౌక అట్లాంటిస్-2 వచ్చింది. ఆ యాత్రలో సేకరించిన రసాయన ఫలితాలను పీటర్ బ్రూవర్, స్వీడన్ రసాయనవేత్త డేవిడ్ డ్యూర్సెన్ కలిసి 1985లో ప్రచురించారు.

వాళ్ళు చూసిన సముద్రం విచిత్రమైనది. సగటు లోతు 35 మీటర్లకు అటూ ఇటూ. వంద మీటర్ల లోతు దొరకడమే అరుదు. వానలు, నదులు కలిసి తెచ్చే నీటికన్నా ఎండకు ఆవిరయ్యేది ఎంతో ఎక్కువ. ఆ లోటును పూడ్చడానికి హోర్ముజ్ జలసంధి గుండా హిందూ మహాసముద్రపు పైనీరు లోపలికి వస్తుంది. లోపలికి వచ్చేకొద్దీ ఎండకు చిక్కబడి, ఉప్పు పెరిగి, బరువెక్కి, అడుగుకు దిగి, అదే జలసంధి గుండా కింది నుంచి బయటికి పోతుంది. మామూలు సముద్రపు నీటిలో కిలోకు 35 గ్రాముల ఉప్పు ఉంటే ఇక్కడ 40 దాటుతుంది. ఖతార్‌కు నైరుతిన ఉన్న సల్వా అఖాతంలో 55 కూడా దాటుతుంది.

ఈ ప్రవాహం పోషకాల విషయంలో ఆడే ఆట ఇంకా తమాషాగా ఉంటుంది. లోపలికి వచ్చేది ప్లవకాలు అప్పటికే మేసేసిన పైనీరు. అందులో పోషకాలు తక్కువ. ఉన్న కొద్దిపాటిని దారిపొడవునా ప్లవకాలు తింటాయి. అవి చచ్చి అడుగుకు చేరి కుళ్ళినప్పుడు విడుదలైన పోషకాలను బరువైన అడుగు నీరు బయటికి ఊడ్చుకుపోతుంది. పెద్ద సముద్రంతో ఇలాంటి వ్యాపారం చేసే చిన్న సముద్రం ఎప్పటికీ బీదదిగానే మిగులుతుంది. నదులు వచ్చి కలిసే వాయవ్య మూల మాత్రం దీనికి మినహాయింపు. అలాగని ప్రాణి లేదనుకోరాదు. ఖతార్ ఉత్తరాన అల్ షహీన్ చమురు క్షేత్రం దగ్గర వేసవిలో వందకు పైగా తిమింగల సొరలు గుమిగూడి చేపగుడ్లు మేయడం ఈ శతాబ్దంలోనే శాస్త్రవేత్తల కంటబడింది. ప్రపంచంలో అతి పెద్ద చేపకు ఇంత బీద సముద్రంలో విందు దొరుకుతున్నదంటే లెక్కలో ఇంకా తెలియనిది చాలానే ఉంది.

బీదతనం అంటే ఎంత? పెద్దల రక్తరసిలో ఫాస్ఫేట్ లీటరుకు 1 మిల్లీమోల్‌కు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఖతార్ చుట్టుపక్కల పైనీటిలో చాలాచోట్ల లీటరుకు అర మైక్రోమోల్ కూడా ఉండదు. అంటే రక్తంలో కన్నా వేల రెట్లు తక్కువ. నైట్రేట్ కొన్నిచోట్ల పరికరానికి అందనంత స్వల్పం. ప్లవకాల శరీరంలో నత్రజని పరమాణువులు 16 ఉంటే భాస్వరం పరమాణువు 1 ఉంటుందని రెడ్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. ఇక్కడి నీటిలో ఆ నిష్పత్తి కన్నా నత్రజని బాగా తక్కువ. ఫాస్ఫేట్ కొంచెం మిగిలి ఉండగానే నైట్రేట్ అయిపోతుంది. నత్రజనికే కరువున్న చోట ఊళ్ళ మురుగునీటితో అమోనియా, నైట్రేట్ వచ్చి చేరితే ప్లవకాలు విజృంభిస్తాయి. కనుక కొలత సరిగా ఉండాలి. కొలత తేడా అయితే బీదతనం కూడా సంపదలా, మార్పు లేనిది కూడా మార్పులా కనబడుతుంది.

అంత స్వల్పమైన పదార్థాన్ని కొలిచే పద్ధతి చూడడానికి చాలా సాదా: నీటికి రంగు తెప్పించి, ఆ రంగు చిక్కదనాన్ని చూడడం. ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపితే అది ఫాస్ఫేట్‌తో జతకడుతుంది. ఆ జంటను క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఉంటే నీలం అంత చిక్కన. ఈ నీలిరంగు చరిత్ర రెండు పాయలుగా సాగింది. ఒకటి సముద్రం ఒడ్డున, రెండవది ఆసుపత్రుల్లో.

సముద్రపు పాయ ఫ్రాన్స్‌లో మొదలైంది. 1920లో బోర్డో నగరానికి చెందిన దెనిజే స్టానస్ క్లోరైడుతో నీలం తెప్పించాడు. ఇంగ్లండులోని ప్లిమత్‌లో ఆట్కిన్స్ 1923 నాటికి ఆ పద్ధతితో ఇంగ్లిష్ చానెల్ నీటిలో ఫాస్ఫేట్ వసంతంలో తగ్గి చలికాలంలో తిరిగి పెరగడాన్ని కొలిచి చూపించాడు. సముద్రానికీ కారులున్నాయని అంకెలతో తెలిసింది అప్పుడే.

ఆసుపత్రి పాయ అదే రోజుల్లో అమెరికాలో సాగింది. రక్తంలో, మూత్రంలో భాస్వరం కొలవడానికి 1920లో బెల్, డోయిసీ ఒక పద్ధతి ఇచ్చారు. 1922లో బ్రిగ్స్ దాన్ని కొంత సవరించాడు. రంగు నిలకడగా ఉండక, నెమ్మదిగా వస్తూ ఇబ్బంది పెట్టేది. 1925లో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే, ఆయన దగ్గర పనిచేస్తున్న భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు కలిసి దానికి స్థిరమైన రూపం ఇచ్చారు. అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం అనే క్షయకరణితో రంగు తొందరగా, నమ్మకంగా వచ్చింది. జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ఉదహరించబడిన పత్రాల్లో అది ఒకటి. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చిన మనిషి పేరు ప్రపంచంలోని ఆసుపత్రుల ప్రయోగశాలలన్నింటిలోనూ దశాబ్దాలపాటు నిలిచింది.

తెలుగువారికి ఇక్కడ ఒక మొహమాటం లేని మాట చెప్పవలసి ఉంది. నేటి నౌకలు సముద్రంలో ఫాస్ఫేట్‌ను కొలిచే పద్ధతి సుబ్బారావు పద్ధతి కాదు. అది దానికి పెదనాన్న కొడుకు వరస. 1962లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో మర్ఫీ, రైలీ ఇద్దరూ ఆస్కార్బిక్ ఆమ్లాన్ని, అంటే విటమిన్ సిని, క్షయకరణిగా వాడి, కొంచెం ఆంటిమొనీ చేర్చి, అన్నీ కలిపిన ఒకే ద్రావణంతో పని జరిగేలా చేశారు. పది నిమిషాల్లో రంగు పూర్తిగా వచ్చి, గంటల తరబడి చెదరకుండా ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఉప్పు ఎక్కువ తక్కువల వల్ల రంగులో తేడా ఒక శాతం లోపే. దెనిజే-ఆట్కిన్స్ పద్ధతిలో ఉప్పు రంగును గణనీయంగా తగ్గించేది. ఖతార్ చుట్టూ ఉన్న నీరు మామూలు సముద్రం కన్నా ఉప్పన కనుక ఈ తేడా ఇక్కడ మరీ పట్టించుకోవలసినది. ఏ యాత్రలో ఏ పద్ధతి వాడారో తెలియకుండా రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి 'తగ్గింది', 'పెరిగింది' అనడం అన్యాయం.

సుబ్బారావు అనుభవంలో సముద్ర శాస్త్రజ్ఞులకు నిజంగా పనికొచ్చిన పాఠం వేరే ఉంది. కండరాల నుంచి తీసిన రసంలో భాస్వరం కొలుస్తుంటే రంగు ఒక్కసారిగా రాకుండా నిమిషాలు గడిచేకొద్దీ చిక్కబడుతూ పోయింది. పద్ధతిలో లోపమని వదిలేయకుండా ఆ ఆలస్యానికి కారణం వెతికితే, పరీక్షలో వాడిన ఆమ్లానికే విడిపోయి భాస్వరాన్ని వదులుతున్న కొత్త పదార్థం దొరికింది. అదే 1927లో ప్రకటించిన ఫాస్ఫోక్రియాటిన్. సముద్రపు నీటిలోనూ ఇదే చిక్కు. జీవుల నుంచి వచ్చిన సేంద్రియ భాస్వరం కొంత ఆ ఆమ్లంలో విడిపోయి నీలానికి తోడవుతుంది. అందుకే సముద్రశాస్త్ర గ్రంథాల్లో జాగ్రత్తపరులు 'ఫాస్ఫేట్' అని రాయరు, 'ప్రతిచర్య చూపే భాస్వరం' అని రాస్తారు. ఆర్సెనిక్ కూడా మాలిబ్డేట్‌తో నీలం ఇస్తుంది. సముద్రంలో అది లీటరుకు 0.02 మైక్రోమోల్‌కు అటూ ఇటూగా ఉంటుంది. ఫాస్ఫేట్ దండిగా ఉన్న అంటార్కిటిక్ నీటిలో అది లెక్కలోకి రాదు. ఖతార్ వేసవి పైనీటిలో మాత్రం ఆ కాస్త కూడా తప్పుడు సాక్ష్యం చెప్పగలదు.

నత్రజని కథలో వైద్యం పాత్ర ఇంకా ఎక్కువ. నైట్రైట్‌కు గులాబీ రంగు తెప్పించే చర్యను 1879లో ప్రకటించినవాడు పీటర్ గ్రీస్; ఇంగ్లండులో ఒక బీరు కర్మాగారంలో రసాయనవేత్త. నేడు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందో లేదో చూసే కాగితం పట్టీ మీద గులాబీ రంగుకు మారే గడి ఆ చర్యే: బ్యాక్టీరియా మూత్రంలోని నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తుంది, గ్రీస్ చర్య దాన్ని పట్టుకుంటుంది. 1939లో జాన్స్ హాప్‌కిన్స్‌లో బ్రాటన్, మార్షల్ ఇద్దరూ రక్తంలో సల్ఫా మందు ఎంత ఉందో కొలవడానికి ఈ చర్యకు కొత్త జతను కనిపెట్టారు. వాళ్ళు తెలిసిన నైట్రైట్‌తో తెలియని సల్ఫాను కొలిచారు. 1952లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు దాన్ని తిరగేసి, తెలిసిన సల్ఫాతో సముద్రంలోని తెలియని నైట్రైట్‌ను కొలిచారు. నైట్రేట్‌ను ముందుగా రాగిపూత పూసిన కాడ్మియం గొట్టం గుండా పంపి నైట్రైట్‌గా మారిస్తే అదీ ఇదే గులాబీలోకి వస్తుంది.

ఇక చేతి పనిని యంత్రం పనిగా మార్చిన సంగతి. 1950లలో ఆసుపత్రుల్లో రక్తపరీక్షల సంఖ్య విపరీతంగా పెరిగి, ప్రయోగశాల సిబ్బంది అలసిపోతుండేవారు. క్లీవ్‌లాండ్‌లో మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసే లెనార్డ్ స్కెగ్స్ ఒక్కో నమూనాకు ఒక్కో గాజు గొట్టం అన్న అలవాటు మానేసి, నమూనాలన్నిటినీ ఒకే సన్నని గొట్టంలో వరసగా పారించాడు. ఒకదానితో ఒకటి కలిసిపోకుండా మధ్య మధ్య గాలిబుడగలు పెట్టాడు. బుడగ నమూనాలను విడదీయడమే కాక గొట్టం గోడలను తుడుచుకుంటూ పోతుంది. 1957లో ఆయన పత్రం వెలువడింది; టెక్నికాన్ కంపెనీ ఆటోఎనలైజర్ పేరుతో దాన్ని అమ్మింది. యూరియా, చక్కెర కొలవడానికి పుట్టిన ఆ యంత్రం కొద్ది సంవత్సరాల్లోనే నౌక ఎక్కింది. 1971లో ఆరిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయం వారు సముద్రపు పోషకాలకు దాన్ని ఎలా వాడాలో చేతిపుస్తకమే రాశారు. నౌక ఎంత ఊగినా గొట్టంలో ప్రవాహం ఆగదు. ఒక్క నమూనా నుంచే నాలుగైదు పాయలు తీసి నాలుగైదు పోషకాలను ఒకేసారి చూడవచ్చు.

నౌక మీద ఈ పని చేసేవారి జాగ్రత్తలు రక్తనమూనా తీసేవారి జాగ్రత్తలను పోలి ఉంటాయి. ఎర్రకణాలు పగిలితే రక్తరసిలో భాస్వరం ఎక్కువగా కనబడినట్టే, ప్లవకాలు పగిలితే నీటిలో పోషకాలు పెరుగుతాయి. సీసాలోకి వచ్చాక కూడా బ్యాక్టీరియా తన పని మానదు కనుక గంటల్లోపే కొలవాలి, లేదా గడ్డకట్టించాలి. సబ్బులోని ఫాస్ఫేట్, సిగరెట్టు పొగలోని అమోనియా, నౌక వదిలే మురుగు, ఏదైనా ఫలితాన్ని పాడుచేయగలదు. ఊగే నౌకలో సున్నితమైన తక్కెడ పనిచేయదు. ప్రామాణిక ద్రావణాలకు కావలసిన లవణాలను ఒడ్డునే తూచి పొట్లాలు కట్టుకుని తీసుకెళ్ళాలి. గల్ఫ్ వేసవిలో పైనీరే 34 డిగ్రీలు దాటే చోట, రంగు వచ్చే వేగం కూడా వేడిని బట్టి మారుతుంది.

అతిథి నౌకలు ఏళ్ళకు ఒకసారి వచ్చి వెళ్ళేవి. ఈ సముద్రంలో లోతైన కాలువ ఇరాన్ వైపున ఉంది. పెద్ద నౌకలకు అదే అనుకూలం. ఖతార్ వైపు దిబ్బలు, పగడాల గుట్టలు, లోతులేని నీరు. అక్కడి సంగతి తెలియాలంటే అక్కడి నౌకే కావాలి. 1977లో ఖతార్ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దానికి ముఖ్తబర్ అల్-బిహార్ అనే చిన్న పరిశోధన నౌక సమకూరింది. ఆ అరబ్బీ మాటకు 'సముద్రాల ప్రయోగశాల' అని అర్థం. 1980ల నుంచి ప్లవకాలు, పోషకాల మీద వచ్చిన ఖతార్ పత్రాలు చాలావరకు దాని చలవే. దాని తర్వాత స్పెయిన్‌లో కట్టిన, సుమారు 43 మీటర్ల పొడవున్న జనాన్ వచ్చింది. బహ్రెయిన్‌తో వివాదంలో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం 2001లో ఖతార్‌కు ఇచ్చిన ఒక చిన్న దీవి పేరూ జనానే.

సొంత నౌకలు ఉన్నందువల్ల కలిగిన ప్రయోజనానికి ఒక్క ఉదాహరణ చాలు. 2015లో ఇబ్రహీం అల్-అన్సారీ, ఆయన సహచరులు ప్రచురించిన పత్రం ప్రకారం ఖతార్ ఆర్థిక మండలిలోని లోతైన చోట్ల, వేసవిలో, అడుగు నీటిలో ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోతున్నది. పైన వేడినీరు మూతలా కప్పేస్తే కింద కుళ్ళే పదార్థం ఆక్సిజన్‌ను తినేస్తుంది. పోషకాలు అక్కడే పోగుపడతాయి. చలికాలంలో ఒక్కసారి వచ్చి వెళ్ళే నౌకకు ఇది కనబడే వీలే లేదు. అట్లాంటిస్-2 వచ్చింది ఫిబ్రవరిలో, మెటియోర్ వచ్చింది వసంతంలో. ఈ వేసవి లోపం పాతదా, కొత్తగా వచ్చిందా అని ఆ రెండు నౌకల లెక్కలను అడిగితే జవాబు రాదు. అది ఆ శాస్త్రజ్ఞుల తప్పు కాదు. యుద్ధం తర్వాత మౌంట్ మిచెల్ కూడా వేసవి ముదిరేలోగా, జూన్‌లోనే, వెనుదిరిగింది.

పద్ధతుల తేడా అనే చిక్కుకు మాత్రం ఇప్పుడు కొంత మందు దొరికింది. 2003 నుంచి జపాన్ శాస్త్రవేత్త మిచియో ఆయోయామా చొరవతో దేశదేశాల ప్రయోగశాలలకు ఒకే నీటిని సీసాల్లో పంపి, అందరి సంఖ్యలనూ పోల్చడం మొదలైంది. మొదట్లో ఒకే సీసా నీటికి పేరున్న ప్రయోగశాలలు కూడా వేరువేరు జవాబులు ఇచ్చాయి. ఇప్పుడు పసిఫిక్ నీటితో తయారైన ధ్రువీకృత నమూనాలు అమ్మకానికి దొరుకుతున్నాయి. వాటిని వాడే నౌకల్లో, హోర్ముజ్ లోపలి నీటిని యంత్రానికి పట్టేముందు పసిఫిక్ సీసా మూత తీసి, ఆ నీటికి నీలం, గులాబీ తెప్పించి, సంఖ్య సరిపోయిందని పుస్తకంలో రాసుకున్న తర్వాతే అడుగు నుంచి తెచ్చిన మొదటి సీసాను బయటికి తీస్తారు.